ఒక ఆత్మకథకు పట్టిన 37 ఏళ్లు

1945లో న్యూజిలాండ్ దక్షిణ దీవిలోని డునెడిన్ ఊళ్లో, ఒటాగో విశ్వవిద్యాలయంలో సైకాలజీ చదువుతున్న విద్యార్థులకు ఒక పని అప్పగించారు. ఎవరి జీవితకథ వాళ్లు రాసి ఇవ్వాలి. మార్కుల కోసం రాసే మామూలు క్లాసు వ్యాసం. ఆ క్లాసులో జానెట్ ఫ్రేమ్ అనే 21 ఏళ్ల అమ్మాయి ఉండేది. బిడియస్తురాలు, నలుగురిలో నోరు విప్పడమే కష్టం. మాటల్లో చెప్పుకోలేనిది కాగితం మీద పెట్టడం మాత్రం చిన్నప్పటి నుంచీ అలవాటు. అందుకే ఆ వ్యాసాన్ని దాపరికం లేకుండా రాసింది. కొన్ని వారాల క్రితం ప్రాణం తీసుకోబోయి బతికి బయటపడ్డానని కూడా, చివర్లో ఏదో గుర్తొచ్చి చేర్చినట్టు, ఒక వాక్యం రాసి ఇచ్చేసింది.

ఆ ఒక్క వాక్యం ఆమె జీవితంలో తర్వాతి ఎనిమిదేళ్లను మింగేసింది. తన కథ తాను చెప్పుకోవడానికి మళ్లీ ధైర్యం చేసి, అది పుస్తకంగా జనం చేతికి అందేసరికి 1982 వచ్చింది. మధ్యలో గడిచిన 37 ఏళ్లలో, ఒక జీవితాన్ని నిజంగా చెప్పడం ఎలాగో ఆమె ఒక్కతే నేర్చుకోలేదు. ఆమెకు నీడ ఇచ్చిన పెద్ద రచయిత ఒకాయన ఆ ప్రయత్నంలో సగం దూరం వెళ్లి ఆగిపోయాడు. ఆయన తర్వాత వచ్చిన ఒక చరిత్రకారుడు, ఆయన దాచినదీ ఆమె చెప్పనిదీ రెండూ తన బల్ల మీద పెట్టుకుని ఏళ్ల తరబడి మథనపడ్డాడు. ఆ ముగ్గురి కథ ఇది.

ఫ్రేమ్ కుటుంబం రైల్వే మీద బతికింది. నాన్న రైలింజను దగ్గర పనిచేసేవాడు. అమ్మ పెళ్లికి ముందు పెద్దల ఇళ్లలో పనిమనిషిగా చేసింది. ఇంట్లో ఎప్పుడూ పద్యాలు అల్లుతూ ఉండేది. బదిలీల తర్వాత వాళ్లు ఓమారు అనే చిన్న ఊళ్లో, ఈడెన్ స్ట్రీట్‌లోని 56 నంబరు ఇంట్లో స్థిరపడ్డారు. పిల్లలకు నోటుపుస్తకాలు కొనే స్తోమత లేదు కాబట్టి నాన్న రైల్వే వాళ్ల నోటుబుక్కులు తెచ్చి ఇచ్చేవాడు. జానెట్ తొలి పద్యాలు వాటిలోనే పడ్డాయి. వాటిని పత్రికల పిల్లల పేజీకి పంపేది. అన్నయ్యకు మూర్ఛవ్యాధి. 1937లో అక్క మర్టిల్ ఊరి ఈతకొలనులో మునిగి చనిపోయింది. పదేళ్ల తర్వాత 1947లో చెల్లెలు ఇజబెల్ కూడా నీళ్లకే బలైంది. ఇంత జరిగిన ఇంట్లో పెరిగిన అమ్మాయికి రాసుకోవడం ఎంత అవసరమో వేరే చెప్పక్కర్లేదు.

టీచరు శిక్షణ పూర్తిచేసి, 1945లో డునెడిన్‌లోని ఒక బడిలో ప్రొబేషన్ మీద చేరింది. పిల్లలంటే ఇష్టమే. పెద్దవాళ్లు తనను గమనించడమంటేనే ప్రాణసంకటం. ఒకరోజు ఇన్‌స్పెక్టరు క్లాసు చూడటానికి లోపలికి వచ్చాడు. ఆమె ఇప్పుడే వస్తానని చెప్పి బయటికి నడిచింది, మళ్లీ ఆ బడి మెట్లెక్కలేదు. ప్రాణం తీసుకోవాలనుకున్నది ఆ దరిమిలానే.

వ్యాసం చదివిన లెక్చరరు పేరు జాన్ మనీ. అతనికీ 24 ఏళ్లే. భయపడి పైవాళ్లకు చెప్పాడు. మరో ఇద్దరితో కలిసి ఆమె అద్దెకున్న గది తలుపు తట్టాడు. కొన్నాళ్లు విశ్రాంతి తీసుకుంటే మంచిదని మెల్లగా నచ్చజెప్పి డునెడిన్ ఆసుపత్రికి తీసుకెళ్లారు. అక్కడి నుంచి ఆమె సీక్లిఫ్‌కు చేరింది. ఆ పేరు వింటేనే ఆ ప్రాంతంలో జనం గొంతు తగ్గించి మాట్లాడేవాళ్లు. సముద్రం పక్కన కొండ మీద కట్టిన పెద్ద పిచ్చాసుపత్రి అది. అక్కడ ఆమె కాగితాల మీద ఒక మాట రాశారు: స్కిజోఫ్రీనియా.

ఆత్మకథ రాయడానికి ఆమె చేసిన తొలి ప్రయత్నం అలా ముగిసింది. ఆ తర్వాత ఆమె జీవితాన్ని ఇతరులే రాశారు, కేసుషీట్లలో. వింత ఏమిటంటే, ఆ రాతకు ఆమె కూడా సాయం చేసింది. మధ్యలో బయట ఉన్న రోజుల్లో ఆమె మనీ దగ్గరికి వెళ్లి మాట్లాడేది. తన మాటలను శ్రద్ధగా వినే మనిషి ఆ ఊళ్లో అతనొక్కడే. ఆ శ్రద్ధ చేజారకూడదని సైకాలజీ పుస్తకాల్లో స్కిజోఫ్రీనియా లక్షణాలు చదివి, అవి తనలో ఉన్నట్టు అభినయించేది. ఈ సంగతి బయటపెట్టింది ఇంకెవరో కాదు, చాలా ఏళ్ల తర్వాత తన ఆత్మకథలో ఆమే. తనమీద జాలి కలిగించే కథలో తన వంతు పాత్రను కూడా అంత తేటగా చెప్పుకోగలగడం నాకు ఆ పుస్తకంలో అన్నిటికన్నా గొప్ప విషయంగా కనిపిస్తుంది.

ఆసుపత్రిలోకి పోతూ వస్తూ ఎనిమిదేళ్లు గడిచాయి. సీక్లిఫ్, క్రైస్ట్‌చర్చ్‌లో సన్నీసైడ్, ఆక్లాండ్‌లో ఆవండేల్. మత్తు ఇవ్వకుండా పెట్టిన కరెంటు షాకులు 200కు పైమాటే. నర్సు చేతిలో నాష్టా పళ్లెం ఎవరికి రాదో, ఆ ఉదయం షాకు వాళ్లకేనని వార్డులో అందరికీ తెలిసిపోయేది. ఆ కాసేపూ అందరి కళ్లూ పళ్లేల మీదే.

ఇక్కడ కథలో అదృష్టం అడుగుపెట్టింది. ఆమెను ఆసుపత్రికి చేర్చిన మనీయే ఆమె రాసిన చిన్న కథలను భద్రంగా దాచి, క్రైస్ట్‌చర్చ్‌లో కాక్స్‌టన్ ప్రెస్ నడుపుతున్న కవి డెనిస్ గ్లోవర్‌కు చూపించాడు. అవి 'ది లగూన్' అనే సంపుటంగా 1951 సంవత్సరం పేరుతో వెలువడ్డాయి. రచయిత్రి అప్పటికి సీక్లిఫ్‌లో ఉంది. మెదడు ముందుభాగంలో నరాల సంబంధాలు తెంపేసే లోబోటమీ ఆపరేషన్‌కు పేర్లు రాసిన జాబితాలో ఆమె పేరు కూడా చేరింది. డాక్టర్లు ఒప్పించగా అమ్మ సంతకం పెట్టేసింది. ఆపరేషన్ అయ్యాక ఆమె ఏ గొడవా లేకుండా టోపీలు అమ్మే దుకాణంలో పనిచేసుకోవచ్చని నర్సులు ఊరడించేవాళ్లు.

1952 చివర్లో ఒక సాయంత్రం ఆసుపత్రి సూపరింటెండెంటు డాక్టర్ బ్లేక్-పామర్ పేపరు చదువుతుంటే ఒక చిన్న వార్త కనబడింది. హ్యూబర్ట్ చర్చ్ స్మారక బహుమతి 'ది లగూన్' రచయిత్రికి వచ్చిందని. ఆయన వార్డుకు వెళ్లి ఆ వార్త ఆమెకు చూపించాడు. నువ్వు ఇప్పుడున్నట్టే ఉండాలని నిర్ణయించానని చెప్పాడు. ఆపరేషన్ రద్దయింది. ఆయన ఆ రోజు పేపరు తిరగేయకపోయి ఉంటేనో, బహుమతి కమిటీ ఇంకో పుస్తకానికి మొగ్గి ఉంటేనో ఏమయ్యేదో ఊహించడానికే నాకు మనసొప్పదు. అదే వార్డులో ఆమె పక్క మంచాల మీది ఆడవాళ్లలో కొందరికి ఆ ఆపరేషన్ జరిగింది. వాళ్లకు పుస్తకాలు లేవు.

విడుదలయ్యాక, 1955లో ఆక్లాండ్‌లో ఉన్న చెల్లెలు జూన్ ఆమెను ఫ్రాంక్ సార్జెసన్ దగ్గరికి తీసుకెళ్లింది. ఆ దేశపు మాటతీరును, ఆ దేశపు సామాన్యుణ్ని కథల్లోకి తెచ్చిన పెద్ద రచయిత ఆయన. టాకపూనాలో ఎస్మండ్ రోడ్డు 14 నంబరులో చిన్న ఇల్లు, చుట్టూ కంచెమొక్కలు, టమాటాలు, మిరపకాయలు పండే తోట. పెరట్లో మిలిటరీ వాళ్ల పాత చెక్కగది ఒకటి ఉంది. ఉండి రాసుకోమని ఆమెకు ఆ గది ఇచ్చాడు. ఒక మంచం, ఒక బల్ల, కిరోసిన్ దీపం. ఎనిమిదేళ్లుగా రాయడం రోగలక్షణంగా లెక్కకెక్కిన మనిషికి, ఇప్పుడు రోజూ పొద్దున్నే రాయడమే పని అని చెప్పే ఇల్లు దొరికింది.

కానీ రాత అంత సులువుగా వచ్చిందా? రాలేదు. మొదటి రోజుల్లో బల్ల ముందు కూర్చుంటే ఒక్క మాట కదిలేది కాదు. బయట తోటలో సార్జెసన్ అడుగుల చప్పుడు వినబడగానే ఆమెకు గిల్ట్. ఆయన అన్నం తింటూ ఖాళీగా కూర్చున్నానని తెలిస్తే ఎలా? వెంటనే టైపుమిషను మీద టకటకా కొట్టడం మొదలుపెట్టేది. ఏం కొట్టేది? టైపు నేర్చుకునేవాళ్లు అక్షరాలన్నీ పడేలా కొట్టే నక్క, కుక్క వాక్యమే, మళ్లీ మళ్లీ. అడుగుల చప్పుడు దూరం కాగానే మిషను ఆగేది. ఆ వట్టి చప్పుడు మధ్యనే మెల్లగా అసలు వాక్యాలు వచ్చాయి. ఏడాదికి పైగా ఆ గదిలో ఉండి 'ఔల్స్ డూ క్రై' నవల పూర్తిచేసింది. అది 1957లో వెలువడింది.

ఆ నవలలో ఒక పేద కుటుంబం, చనిపోయిన ఒక అక్క, ఆసుపత్రి పాలైన ఒక అమ్మాయి ఉన్నారు. చదివినవాళ్లు ఇది ఆమె కథేనని తేల్చేశారు. ఆమె కల్పించిన మనుషులకు ఆమె ఇంటివాళ్ల పేర్లు తగిలించారు. డాక్టర్లు కేసుషీటులో చేసిన పనిని పాఠకులు ఇప్పుడు అభిమానంతో చేశారు. ఆమె చెప్పనిది చెప్పినట్టయింది. తాను చెప్పదలచుకున్నదేదో ఇంకా చెప్పనేలేదు.

సార్జెసన్ పూనికతో సాహిత్య నిధి నుంచి సాయం అంది, 1956లో ఆమె ఓడెక్కి యూరప్ వెళ్లింది. స్కిజోఫ్రీనియా అనే మాట కూడా ఆమెతో ఓడెక్కింది. లండన్‌లో మళ్లీ మనసు చెదిరినప్పుడు మాడ్స్‌లీ ఆసుపత్రిలో తనంతట తానే చేరింది. అక్కడి పెద్ద డాక్టర్లు సర్ ఆబ్రీ లూయిస్ నాయకత్వంలో కూర్చుని, ఆమెతో మాట్లాడి, చివరికి తేల్చి చెప్పారు: ఈమెకు స్కిజోఫ్రీనియా ఎప్పుడూ లేదు.

సంతోషంతో గంతులేయాల్సిన మాట కదా? ఆమె కుప్పకూలింది. పన్నెండేళ్లకు పైగా తనను చూసి జనం తప్పుకున్నా, తన ఏకాంతానికి, తన రాతకు, తన బిడియానికి ఆ పేరే ఆసరా. ఇప్పుడు అది కూడా లాగేశారు. మరి ఇన్నాళ్లూ నేనెవరు? ఈ ప్రశ్న పుట్టిన చోటే ఆమె ఆత్మకథ అసలు మొదలైందని నేననుకుంటాను, ఇంకా పాతికేళ్ల వరకు ఒక్క అక్షరం పడకపోయినా.

మాడ్స్‌లీలోనే డాక్టర్ రాబర్ట్ కాలీ తారసపడ్డాడు. ఒంటరిగా ఉండటం నీ స్వభావమైతే ఒంటరిగానే ఉండు, రాయడం నీ బతుకైతే రాస్తూనే ఉండు, నలుగురిలో కలిసి తీరాలని నిన్ను నువ్వు హింసించుకోకు అని చెప్పిన తొలి డాక్టరు ఆయన. ఆసుపత్రుల్లో గడిపిన కాలం గురించి రాయమని కూడా ఆయనే సలహా ఇచ్చాడు. ఆ తర్వాత ఆమె తన పుస్తకాలను వరసగా ఆయనకే అంకితమిచ్చింది.

సలహా ప్రకారం రాసిన పుస్తకం 'ఫేసెస్ ఇన్ ది వాటర్', 1961లో వచ్చింది. కానీ అది ఆత్మకథ కాదు, నవల. ఇందులో పాత్రలన్నీ కల్పితాలని ముందే ఒక ప్రకటన పెట్టింది. కథ చెప్పే అమ్మాయికి ఇస్టీనా మావెట్ అని వేరే పేరు పెట్టింది. ఎందుకంత జాగ్రత్త? ఒకప్పటి రోగి చెప్పే మాటను లోకం నమ్మదని ఆమెకు అనుభవం నేర్పింది. అందుకే జరిగిన ఘోరాల్లో చాలావాటిని వదిలేసింది. ఉన్నదున్నట్టు రాస్తే అతిశయోక్తి అంటారని భయం. కల్పన అంటే జరగనిది చేర్చడమని మనం అనుకుంటాం. ఇక్కడ జరిగినది తగ్గిస్తేనే నమ్మదగిన కల్పన తయారైంది. వార్డులు, నర్సులు, షాకులు నిజం. వాటిని చూస్తున్న ఆ అమ్మాయి మనసు మాత్రం అల్లినది. తనను తాను తెర వెనక ఉంచుకుని తన లోకాన్ని చూపించింది. రెండో ప్రయత్నం అంతవరకు వచ్చి ఆగింది.

నాన్న మరణంతో 1963లో స్వదేశం తిరిగి వచ్చింది. 1965లో రాబర్ట్ బర్న్స్ ఫెలోషిప్ మీద ఒటాగో విశ్వవిద్యాలయంలోనే అడుగుపెట్టింది. క్లాసు వ్యాసం రాసి ఆసుపత్రి పాలైన చోటికి, సరిగ్గా 20 ఏళ్లకు, రచయిత్రిగా జీతం పుచ్చుకుంటూ వచ్చింది.

ఈలోగా టాకపూనాలో సార్జెసన్ తన జ్ఞాపకాలు రాయడం మొదలుపెట్టాడు. 1973, 1975, 1977లలో మూడు సంపుటాలు వచ్చాయి. చక్కని పుస్తకాలు. కింగ్ కంట్రీ కొండల్లో మామయ్య పొలంలో గడిపిన రోజుల గురించి ఆయన రాసిన పేజీలు ఎంతో ప్రేమగా ఉంటాయి. లాయరు చదువు చదివిన పట్నం కుర్రాడు ఉన్నట్టుండి ఉద్యోగం వదిలి ఆ పొలానికి ఎందుకు వెళ్లాడు, నోరిస్ డేవీ అనే తన పేరును మామయ్య ఇంటిపేరుతో ఫ్రాంక్ సార్జెసన్‌గా ఎందుకు మార్చుకున్నాడు అన్నది మాత్రం ఆ మూడింట్లో ఎక్కడా తేలదు.

అసలు కారణం 1929 నాటిది. వెల్లింగ్టన్‌లో ఇంకొక మగవాడితో సంబంధం విషయంలో ఆయన అరెస్టయ్యాడు. మామయ్య దగ్గర ఉండాలన్న షరతు మీద కోర్టు శిక్షను నిలిపివేసింది. న్యూజిలాండ్‌లో స్వలింగ సంబంధాలు నేరం కాకుండా పోయింది 1986లో. సార్జెసన్ చనిపోయింది 1982లో. అంటే ఆయన బతికున్నంత కాలం, ఆ నిజం చెప్పడమంటే పాత నేరాన్ని మళ్లీ ఒప్పుకోవడమే. ఆ మౌనానికి ఆయన్ని తప్పుపట్టే హక్కు మనకు లేదని నా గట్టి నమ్మకం. వీరేశలింగం గారి స్వీయచరిత్ర నుంచి శ్రీశ్రీ 'అనంతం' దాకా మన ఆత్మకథలు చదివినవాళ్లకు తెలుసు, చెప్పే ధైర్యం ఒక్కటే చాలదు. చెప్పినా మనిషిని బతకనిచ్చే కాలం కూడా రావాలి.

సార్జెసన్ కన్నుమూసిన ఆ ఏడాదే ఫ్రేమ్ ఆత్మకథ మొదటి సంపుటం 'టు ది ఈజ్-ల్యాండ్' వెలువడింది. అప్పటికి ఆమెకు 58 ఏళ్లు, పది నవలలు రాసింది. ఇన్నాళ్లూ తన జీవితం గురించి విమర్శకులు నవలల్లోంచి ఏరుకుని అల్లిన ఊహలు చదివి చదివి విసిగింది. వాస్తవాలు తానే చెప్పి ఆ లెక్క సరిచేయాలనుకుంది.

అన్నేళ్ల తర్వాత దొరికిన మార్గం ఆశ్చర్యపడేంత సాదా. నవలల్లో ఆమె వాక్యం మెలికలు తిరుగుతుంది, కలలోంచి కలలోకి జారుతుంది. ఆత్మకథలో ఆ వాక్యాన్ని పూర్తిగా పక్కన పెట్టేసింది. చిన్న చిన్న అధ్యాయాలు, తేట మాటలు, ఒకదాని తర్వాత ఒకటి జరిగిన సంగతులు. ఇంటి వంటగది, రైల్వే నోటుబుక్కు, అమ్మ పద్యాలు, బడిలో మాసిన యూనిఫాం వల్ల పడ్డ సిగ్గు. అన్నిటికంటే కష్టమైన ఆసుపత్రి అధ్యాయాలు రెండో సంపుటం 'యాన్ ఏంజెల్ ఎట్ మై టేబుల్'లో ఉన్నాయి. అక్కడ ఆమె గొంతు పెంచదు. ఎవరినీ బోను ఎక్కించదు. వార్డు దినచర్య గురించి, ఫేసెస్ ఇన్ ది వాటర్‌లో రాసేశాను, చూడండి అన్నట్టు ముక్తసరిగా దాటిపోతుంది. అక్కడ తాను ఏమేం వదిలేసిందో కూడా చెబుతుంది. ఏది నవల, ఏది జీవితం అన్న గీతను తన చేత్తో తానే గీసింది. మూడో సంపుటం 'ది ఎన్వాయ్ ఫ్రమ్ మిర్రర్ సిటీ' లండన్ రోజులను చెప్పి, 1963లో స్వదేశం చేరడంతో ఆగిపోతుంది. 1990లో జేన్ క్యాంపియన్ ఈ మూడింటినీ కలిపి సినిమా తీశాక ప్రపంచమంతా ఆ ఎర్ర జుట్టు అమ్మాయిని గుర్తుపట్టింది.

ఇక మూడో మనిషి, మైకేల్ కింగ్. ఆయన ఇంకో దారిలో నడుస్తూ వచ్చి ఈ ఇద్దరినీ కలిశాడు. 1945లో, ఫ్రేమ్ ఆసుపత్రి పాలైన ఏడాదే, వెల్లింగ్టన్‌లో పుట్టాడు. హ్యామిల్టన్‌లో వైకాటో టైమ్స్ పత్రికలో విలేకరిగా చేరి, ఆ దేశపు మూలవాసులైన మావోరీల గురించి మిగతావాళ్లు పట్టించుకోని వార్తల కోసం ఊళ్లు తిరిగాడు. గడ్డం మీద సంప్రదాయ పచ్చబొట్టు ఉన్న ముసలమ్మల ఇళ్లకు ఫొటోగ్రాఫర్ మార్టీ ఫ్రీడ్లాండర్‌తో వెళ్లి 'మోకో' అనే పుస్తకం చేశాడు. అది 1972లో వచ్చింది. అక్కడే ఆయనకు తొలి పాఠం దొరికింది. ఆ పెద్దవాళ్లకు కథ అంటే సమాచారం కాదు, వంశానికి చెందిన ఆస్తి. అడిగినవాడు ఎవరు, దాన్ని తీసుకెళ్లి ఏం చేస్తాడు అన్నది తేలాకే నోరు విప్పుతారు.

ఆ పాఠంతోనే తే పుయేయా జీవితచరిత్రకు దిగాడు. వైకాటో మావోరీలకు ఆమె మహానాయకురాలు. మొదటి ప్రపంచయుద్ధంలో తన కుర్రాళ్లను బలవంతంగా సైన్యంలో చేర్చడాన్ని ఎదిరించింది. 1918 ఇన్‌ఫ్లుయెంజాలో తల్లిదండ్రులు పోయిన పిల్లలను చేరదీసింది. నరువాహియాలో తురంగవైవై కేంద్రాన్ని తన వాళ్ల చేత్తోనే కట్టించింది. 1952లో ఆమె చనిపోయేనాటికి కింగ్‌కు ఆరేళ్లు. ఆమెను ఎరిగిన పెద్దల జ్ఞాపకాలు ఒకవైపు. ఆమెకూ పత్రికా రచయిత ఎరిక్ రామ్స్‌డెన్‌కూ మధ్య నడిచిన ఉత్తరాలు ఇంకోవైపు. పెద్దలకు ఆమె దేవతతో సమానం. ఉత్తరాల్లో మాత్రం కోపం, అలసట, డబ్బు బెంగ, అనారోగ్యం ఉన్న మనిషి కనిపిస్తుంది. ఈ ఇద్దరినీ ఒకే మనిషిగా చూపించడం ఎలా? 1977లో వచ్చిన 'తే పుయేయా' ఆ పని చేసింది, ఆమె యవ్వనపు తప్పటడుగులతో సహా.

తర్వాత 1975లో మావోరీల భూముల కోసం సాగిన యాత్రను నడిపిన ఫీనా కూపర్ కథ, 1983లో. ఈసారి కథానాయిక బతికే ఉంది, 87 ఏళ్ల వయసులోనూ గట్టి మనిషి. ఆ సమయానికే మావోరీ యువతరం ఒక ప్రశ్న లేవదీసింది: మా పెద్దల కథలు తెల్లవాళ్లు ఎందుకు చెప్పాలి? కింగ్‌కు అది గుండెలో గుచ్చుకుంది. వాదించి గెలవాలని చూడలేదు. మావోరీ జీవితచరిత్రల నుంచి పక్కకు తప్పుకుని, ఆ ప్రశ్నను తన మీదే వేసుకున్నాడు: అసలు నేనెవరు? 1985లో వచ్చిన 'బీయింగ్ పాకెహా' (పాకెహా అంటే న్యూజిలాండ్ తెల్లవాళ్లకు మావోరీల మాట) ఆ ప్రశ్నకు జవాబుగా రాసిన స్వీయకథ. ఇతరుల జీవితాలు రాసేవాడు ఒక్కసారైనా తన జీవితాన్ని బల్ల మీద పెట్టి చూడాలి. ఆ పని చేశాకే కింగ్ చేతిలో కలం మరింత మెత్తబడిందని ఆయన తర్వాతి పుస్తకాలు చదివితే తెలుస్తుంది.

ఆ మెత్తదనానికి పరీక్ష సార్జెసన్ జీవితచరిత్రతో వచ్చింది. 1929 సంగతి దాటేస్తే పుస్తకమే అబద్ధమవుతుంది. ఆ పేరు మార్పు, ఆ పొలం, ఆ తర్వాతి బతుకంతా దానిమీదే నిలబడి ఉంది. బయటపెడితే, ఆయన జీవితాంతం మోసిన రహస్యాన్ని సంతలో పెట్టినట్టవుతుంది. కింగ్ బయటపెట్టాడు. కానీ ఆ నాటి చట్టం ఏమిటి, ఆ కుర్రాడు ఎంత భయపడ్డాడు, ఆ మామయ్య ఎలా అక్కున చేర్చుకున్నాడు అన్నవన్నీ పక్కన పేర్చాకే బయటపెట్టాడు. 1995లో పుస్తకం వచ్చాక ఆ అరెస్టు గురించి చదివిన పాఠకుడికి సార్జెసన్ మీద గౌరవం పెరుగుతుందే తప్ప తగ్గదు. ఈ పద్ధతికి ఆయన పెట్టుకున్న పేరు కరుణతో కూడిన సత్యం. ముఖ్యమైనది ఏదీ దాచకూడదు. పోయినవాళ్లనూ, వాళ్ల వెనక మిగిలిన బతికున్నవాళ్లనూ గుర్తుంచుకుని చెప్పాలి.

అప్పుడు ఎస్మండ్ రోడ్డు పెరటిగదిలో నక్క, కుక్క వాక్యం టైపు కొట్టిన మనిషి ఆయనకు తన జీవితం రాసే అనుమతి ఇచ్చింది. 37 ఏళ్లు పోరాడి తన కథను తన చేతుల్లోకి తెచ్చుకున్న ఆమె, 70 దాటిన వయసులో దాన్ని ఇంకొకరి చేతికి ఇచ్చింది. కింగ్‌కు ఇది తే పుయేయా కంటే, సార్జెసన్ కంటే కష్టమైన పని. అక్కడ చెప్పనిది వెతకాలి. ఇక్కడ ఆమె తనంతట తానే మూడు సంపుటాలు చెప్పేసింది, అంత బాగా ఇంకెవరూ చెప్పలేరు. మళ్లీ చెప్పడానికి మిగిలిందేమిటి?

చాలానే మిగిలింది. ఆత్మకథ 1963 దగ్గర ఆగిపోయింది. ఆ తర్వాత దాదాపు 40 ఏళ్ల జీవితం ఉంది. ముందు కాలానికి కూడా ఆమె జ్ఞాపకం ఒక్కటే సాక్ష్యం కాదు. ఉత్తరాలు ఉన్నాయి, ఆమెను ఎరిగిన మనుషులు ఉన్నారు. కింగ్ వాటన్నిటినీ ఆమె మాట పక్కన పెట్టి చూసుకుంటూ వెళ్లాడు. తేదీలు సరిచూశాడు. ఆమె లోపలి నుంచి చెప్పినదానికి బయటి నుంచి దారులు వేశాడు. ఆమె నవలలకు అర్థాలు చెప్పే పనిలోకి మాత్రం దిగలేదు. నవలను విప్పి జీవితం బయటికి లాగడం వల్లనే కదా ఆమె అంత బాధపడింది. 500 పేజీలకు పైబడిన 'రెజ్లింగ్ విత్ ది ఏంజెల్' 2000లో వెలువడింది. ఆ మరుసటి ఏడాది కింగ్ ఇతరుల జీవితాలు రాసేవాళ్ల బాధ్యతల గురించిన తన వ్యాసాలను కూడా ఒక పుస్తకంగా తెచ్చాడు.

2004 జనవరి 29న ఫ్రేమ్ డునెడిన్‌లో చనిపోయింది. రెండు నెలలకు, మార్చి 30న, కింగ్ భార్యతో సహా కారు ప్రమాదంలో పోయాడు.

2007లో ఫ్రేమ్ రాసిన మరో నవల వెలుగు చూసింది. పేరు 'టువర్డ్స్ అనదర్ సమ్మర్'. లండన్‌లో ఉంటున్న ఒక న్యూజిలాండ్ రచయిత్రి, ఉత్తర ఇంగ్లండ్‌లో ఎవరో పిలిస్తే ఒక వారాంతం అతిథిగా వెళ్తుంది. ఆ ఇంట్లో ఎలా కూర్చోవాలో, ఏం మాట్లాడాలో తెలియక నలిగిపోతూ తన దేశాన్నీ చిన్ననాటి ఇంటినీ తలుచుకుంటూ గడుపుతుంది. అంతే కథ. ఆసుపత్రుల ఊసే పెద్దగా లేని పుస్తకం. 1963లో రాసింది. మూడు సంపుటాల్లో వార్డులు, షాకులు, తన అభినయాలు కూడా చెప్పుకున్న ఆమె, ఇది మరీ సొంతదని చెప్పి తాను ఉన్నంతకాలం అచ్చుకు ఇవ్వలేదు.